ఎనభై నాలుగు సెంటీమీటర్లు

నాలుగో తరగతికి లెక్కలు చెప్పే టీచరు ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క లెక్క కూడా తప్పు చేయలేదు. ఈ మాట ఆవిడ చెప్పుకోలేదు, బడంతా చెప్పేది. పిల్లలు ఆవిడకి స్కేలు టీచర్ అని పేరు పెట్టారు. చేతిలో ఎప్పుడూ స్కేలు ఉండేదని కొంత, నడిచినా కూర్చున్నా నిటారుగా ఉండేదని కొంత. ఆ స్కేలుతో ఆవిడ ఎవర్నీ కొట్టి ఎరగదు. ఆ అవసరమే రాలేదు. ఎర్ర పెన్నుతో ఒక ఇంటూ పెట్టి, కళ్ళజోడు పైనుంచి ఒక్క చూపు చూస్తే చాలు, ఎంతటి గడుగ్గాయి అయినా నోరు మూసుకుని తన బెంచీలో తను సర్దుకునేవాడు.

ఆవిడ సంచిలో ఒక జవాబుల పుస్తకం ఉండేది. గోధుమరంగు కాగితంతో అట్ట వేసి, మూలలు అరిగిపోయిన పుస్తకం. ఏటా బడి తెరవడానికి వారం ముందే, ఆ ఏడాది చెప్పబోయే లెక్కలన్నీ తనే చేసుకుని, జవాబులు అందులో వరసగా రాసి పెట్టుకునేది. ఇక ఏడాది పొడుగునా దిద్దడం నల్లేరు మీద నడకే. పిల్లల పుస్తకం ఎడమ చేతి కింద, జవాబుల పుస్తకం కుడి చేతి కింద. రెండూ కలిస్తే టిక్కు, కలవకపోతే ఇంటూ. మిగతా టీచర్లు పుస్తకాల కట్టలు ఇంటికి మోసుకుపోతుంటే, ఈవిడ చివరి గంట కొట్టేలోపు దిద్దేసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయేది.

మంచి పద్ధతే. కానీ ఆ పద్ధతే ఒకరోజు ముప్పై ఒక్కమంది పిల్లల ప్రాణాల మీదికి తెచ్చింది. చెడ్డవాళ్ళ వల్ల వచ్చే ఆపదని కనీసం తిట్టుకోవచ్చు. శ్రద్ధగా, నిజాయితీగా, వేళకి పనిచేసే మనిషి తెచ్చిపెట్టే ఆపదని ఏమని తిట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆవిడ సంగతి ఇంకొంచెం చెప్పాలి. భర్త పోయాక తమ్ముడింటి మేడ మీద గదిలో ఉండేది. తమ్ముడు తాపీమేస్త్రి. అయిదో తరగతితో చదువుకి దణ్ణం పెట్టేసిన మనిషి. అక్కంటే వాడికి వల్లమాలిన గౌరవం, కాస్త భయం కూడా. ఆవిడకి మోకాళ్ళు అరిగిపోయాయి. నేల మీద కూర్చోవద్దనీ, గొంతుకూర్చోవద్దనీ డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆవిడ డాక్టరు మాటని కూడా జవాబుల పుస్తకంలో రాసుకున్నట్టే పాటించేది. నేల మీద చేయాల్సిన పనులన్నీ మూడేళ్ళుగా పిల్లల చేతే చేయించేది.

ఇక బడిలో పెట్టిన శిల్పం సంగతి. ఆ బడి హెడ్మాస్టరుకి బ్యానర్ సార్ అని పేరు. ఏ చిన్న పని జరిగినా ముందు బ్యానర్ కొట్టించి, తర్వాత పని మొదలుపెట్టేవాడు. ఎక్కడో చూసొచ్చాడు, ఆధునిక శిల్పం ఒకటి బడిలో పెట్టి దాని చుట్టూ అన్ని పాఠాలూ చెబుతున్నారని. వెంటనే మనమూ చేద్దామన్నాడు. ఒక శిల్పం, దాని మీదే లెక్కలు, దాని మీదే సైన్సు, దాని మీదే భాష, దాని మీదే పాట. వేరే వేరే పాఠాల మధ్య గోడలు కూల్చేద్దాం అని బ్యానర్ మీద రాయించాడు. అదీ ఆయన వరస.

శిల్పం చేసినావిడ బక్కపలచటి మనిషి. చేతుల నిండా వెల్డింగు నిప్పురవ్వల మచ్చలు. బడి వెనక పాత సామాను గదిలో పడి ఉన్న విరిగిన బెంచీల ఇనప కాళ్ళు, నీళ్ళ గొట్టాలు, రెండు సైకిలు చక్రాల రిమ్ములు, సగానికి కోసిన ఇనప పీపా అన్నీ ఏరుకుని, రెండు నెలలు అక్కడే కూర్చుని అతికింది. పన్నెండడుగుల ఎత్తు. ఒకే కాలు. నడుము దగ్గర్నుంచి ముందుకి వంగి, పైన పీపా ముక్క ముఖంలా, అందులోంచి ఒక గొట్టం ముక్కులా పొడుచుకొచ్చి ఉండేది. ఆవిడ దానికి 'తొంగిచూపు' అని పేరు పెట్టింది. పిల్లలు ఆ పేరు ఒక్కరోజు కూడా పలకలేదు. వాళ్ళకది మొదటిరోజు నుంచీ వంగిన మామ్మే.

చూశారా, అసలు తయారు చేయడమే వంగి ఉండేలా చేశారు. ఇంకాస్త వంగితే ఎవరికి తెలుస్తుంది?

మామ్మ ముక్కు చివర్నుంచి ఒక దారం కట్టి, కింద గోడ నిటారుగా ఉందో లేదో చూసుకునే తాపీమేస్త్రుల తూకం గుండు వేలాడదీశారు. ఆ గుండు స్కేలు టీచర్ తమ్ముడిదే, అడిగి తెచ్చింది. గుండు నేలకి నాలుగు వేళ్ళ ఎత్తులో ఆగేది. మామ్మ కాలి నుంచి గుండు దాకా టేపుతో కొలిస్తే మామ్మ ఎంత వంగిందో తెలుస్తుంది. శిల్పం చేసినావిడ తన బొమ్మకాగితం మీద ఆ కొలత రాసి ఇచ్చింది, ఎనభై నాలుగు సెంటీమీటర్లు. వెళ్ళేముందు ఒక మాట చెప్పింది కూడా.

"టీచర్‌గారూ, పిల్లల్ని చూసింది చూసినట్టు రాయమనండి. నేను చెప్పింది రాయక్కర్లేదు."

"అలాగేనండి" అంది స్కేలు టీచర్. ఆ సాయంత్రమే జవాబుల పుస్తకంలో రాసుకుంది: వంపు, 84.

పిల్లలకి శిల్పం పుస్తకాలని కొత్తవి కుట్టించారు. లెక్కలకి తెల్ల కాగితాలు, సైన్సుకి పచ్చవి, భాషకి పసుపువి, పాటకి గులాబీవి. ఒక్కో టీచరు తన రంగు కాగితాలు తిప్పి, దిద్ది, సంతకం పెట్టి పక్కవాళ్ళకి అందించేవారు. గోడలు కూల్చేద్దామన్న బ్యానర్ కిందే కూర్చుని, ఎవరి రంగు వాళ్ళు చూసుకునేవాళ్ళు.

పిల్లలకి మామ్మంటే ప్రాణం. మధ్యాహ్నం డబ్బాలు పట్టుకుని ఆవిడ ముక్కు కిందే చేరేవారు. పీపా నీడ సరిగ్గా అక్కడే పడేది మరి. ఆ శిల్పానికి పది అడుగుల దూరంలో చేతులు కడుక్కునే తొట్టి కొత్తగా కట్టించారు. తొట్టి నీళ్ళు కాలవలోకి పోవాలి. పోలేదు. నేలలోకి ఇంకి, మెల్లగా, ఎవరికీ కనపడకుండా, మామ్మ కాలి కింద పోసిన కాంక్రీటు దిమ్మె కిందికి చేరేవి. రోజూ రెండు వందలమంది పిల్లలు చేతులు కడుక్కునేవారు. పరిశుభ్రత గురించి కూడా ఒక బ్యానర్ ఉండేది.

ప్రతి గురువారం పిల్లలు మామ్మ వంపు కొలిచి తెల్ల కాగితం మీద రాయాలి. మొదటి రెండు గురువారాలు అందరికీ ఎనభై నాలుగే వచ్చింది. అన్నీ టిక్కులే. మూడో గురువారం అయిదారుగురికి ఎనభై అయిదు వచ్చింది.

"టేపు సున్నా దగ్గర పట్టుకోలేదు. వదులుగా లాగారు. మళ్ళీ కొలవండి" అంది స్కేలు టీచర్, నీడలో కుర్చీ వేసుకుని కూర్చుని. పిల్లలు మళ్ళీ కొలిచారు. ఈసారి ఎనభై నాలుగే వచ్చింది, ఒక్కరికి తప్ప.

ఆ ఒక్క పిల్లకి టీచరు పెట్టిన పేరు మొండిఘటం. తొమ్మిదేళ్ళుంటాయి. రెండు జడలు, ముందుపళ్ళ మధ్య సందు, ఎవరైనా మాట్లాడితే రెప్పవేయకుండా చూసే కళ్ళు. వాళ్ళమ్మ ఇంట్లో బట్టలు కుట్టేది. ఆ పిల్ల తప్పటడుగులు వేసిన నాటినుంచీ మెడలో టేపు వేసుకుని ఆడుకుంది. ఆ క్లాసులో టేపు పట్టడం నిజంగా వచ్చిన మనిషి ఎవరంటే అదే. ఈ సంగతి టీచరుకి తెలుసు. తెలిసి కూడా, నాలుగో గురువారం ఆ పిల్ల ఎనభై ఆరు రాస్తే ఇంటూ పెట్టింది. అయిదో గురువారం ఎనభై ఎనిమిది రాస్తే ఇంకా పెద్ద ఇంటూ పెట్టింది.

ఆరో గురువారం పుస్తకం చేతికివ్వకుండా నిలబెట్టింది.

"ఏమే, పోయిన వారం ఎంత రాశావు?"

"ఎనభై ఎనిమిది, టీచర్."

"ఈ వారం?"

"తొంభై ఒకటి."

"అంటే, మామ్మ వారానికింత షికారు చేస్తోందా?"

క్లాసు గొల్లుమంది. ఆ పిల్ల నవ్వలేదు.

"తెలీదు, టీచర్. టేపులో అలా ఉంది."

"ఇనుము పెరుగుతుందా? చెప్పు, పెరుగుతుందా? మిగతా ముప్పైమందికీ ఎనభై నాలుగు ఎందుకొచ్చింది మరి? వాళ్ళందరూ గుడ్డివాళ్ళా?"

దానికి ఆ పిల్ల దగ్గర జవాబు ఉంది. మిగతా ముప్పైమందీ టేపు నేల మీద పడేసి, దాని వంక చూడకుండానే రాస్తున్నారు. కానీ స్నేహితుల మీద చాడీ చెప్పే రకం కాదు.

"ఎనభై నాలుగు. యాభైసార్లు రాసుకురా. చేతికి అలవాటవుతుంది."

మొండిఘటం యాభైసార్లూ రాసుకొచ్చింది. అయిదు వరసలు, వరసకి పది, ముత్యాల్లాంటి అంకెలు. టీచరు ఒక్కొక్కటీ లెక్కపెట్టి, కింద సంతకం పెట్టింది. ఏడో గురువారం ఆ పిల్ల ఎనభై నాలుగు రాసింది. టీచరుకి సంతోషమేసింది. టిక్కు పెట్టి, పక్కన నక్షత్రం కూడా వేసింది. పట్టుబట్టి చెబితే దారికి రానివాళ్ళు ఎవరుంటారని, ఆ సాయంత్రం మరదలితో గొప్పగా చెప్పుకుంది.

అప్పట్నుంచీ మామ్మ ఎంత వంగిందో ఈ లోకంలో ఎవరికీ తెలియదు.

ఎనిమిదో వారంలో బడి ఊడ్చే ఆయమ్మ వచ్చి చెప్పింది. "టీచరమ్మా, ఆ గుండు నేలకి గీరుకుంటోంది. ఊడుస్తుంటే చీపురుకి తగులుతోంది."

"దారం సాగి ఉంటుంది. ఒక ముడి వెయ్యి" అంది టీచరు, పుస్తకంలోంచి తలెత్తకుండానే.

ఆయమ్మ ముడి వేసింది. గుండు మళ్ళీ గాల్లోకి లేచింది. ఆ రోజు మధ్యాహ్నం కూడా పిల్లలు ఆ ముక్కు కిందే కూర్చుని డబ్బాలు విప్పుకున్నారు.

పదో వారం శనివారం పొద్దున ప్రదర్శన. పైఆఫీసు నుంచి పెద్దలు వస్తున్నారు. వేరే బళ్ళ హెడ్మాస్టర్లు వస్తున్నారు. నాలుగో తరగతి పిల్లలు జంపఖానాల మీద మామ్మ ముక్కు కిందే కూర్చోవాలి, ఫోటోలో శిల్పం వాళ్ళ మీదికి తొంగిచూస్తున్నట్టు పడాలి. ఇది బ్యానర్ సార్ ఆలోచన. అతిథుల బల్ల మీద పెట్టడానికి ఒక మంచి శిల్పం పుస్తకం ఎంచి తెమ్మని స్కేలు టీచరుకి అప్పజెప్పాడు. ఆవిడ శుక్రవారం సాయంత్రం పుస్తకాల కట్ట, ఏ రోజూ మోయనిది, ఇంటికి మోసుకెళ్ళింది.

చేతిరాత చూసి ఎంచింది. ఎవరిదో మీరు ఊహించే ఉంటారు. పైన కనిపించే చివరి నాలుగు తెల్ల పేజీల్లో టిక్కులు, నక్షత్రాలు. అంతకన్నా వెనక్కి తిప్పలేదు.

శనివారం పొద్దున తమ్ముడు పైకి వచ్చాడు, అక్కని బండి మీద దింపాలి కదా. టీచరు జడ వేసుకుంటోంది. టీ గ్లాసు పట్టుకుని కుర్చీలో కూలబడి, బల్ల మీదున్న పుస్తకం ఊరికే తెరిచాడు. రంగుల సంగతి, ఎవరి కాగితాలు ఎవరు చూడాలన్న సంగతి వాడికేం తెలుసు? అందరూ పుస్తకం చదివినట్టు మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు.

పచ్చ కాగితం మీద ఉంది: తొట్టి నీళ్ళు కాలవలోకి పోవడం లేదు, మామ్మ కాలి కిందికి పోతున్నాయి. చీమలు ఇల్లు ఖాళీ చేసి గోడ దగ్గరికి వెళ్ళిపోయాయి. కింద సైన్సు టీచరు రాసింది, 'బాగా గమనించావు.'

పసుపు కాగితం మీద ఉంది: మధ్యాహ్నం మామ్మ మూలుగుతుంది. నేను చెవి పెట్టి విన్నాను. ఆవిడకి నిలబడడం కష్టంగా ఉంది. కింద భాష చెప్పే మాస్టారు రాశాడు, 'చక్కని ఊహ!'

గులాబీ కాగితం మీద ఉంది: పెద్ద గొట్టం మీద కొడితే ముందు ఖంగుమనేది. ఇప్పుడు టప్పుమంటోంది. కింద పాటల టీచరు రాసింది, 'మళ్ళీ శ్రద్ధగా విను.'

తెల్ల కాగితాల మీద అంకెలు. ఎనభై నాలుగు, ఎనభై నాలుగు, ఎనభై అయిదు, ఎనభై ఆరు, ఎనభై ఎనిమిది, తొంభై ఒకటి. చివరి నాలుగింటి మీదా ఎర్ర ఇంటూలు. తర్వాత రెండు పేజీల నిండా యాభై ఎనభై నాలుగులు.

మేస్త్రి గ్లాసు కింద పెట్టేశాడు.

"అక్కా, ఈ పుస్తకం రాసిందెవరు?"

"ఉందిలే, ఒక మొండిఘటం. ఏరా?"

"ఈ ఇంటూలు?"

"నేనే పెట్టాను. తప్పు రాస్తే పెట్టనా?"

"ఇవి తప్పులు కాదక్కా." వాడి గొంతు మారిపోయింది. "వాలిపోయే గోడ ఇట్లాగే వాలుతుంది. ముందు ఒకటి, తర్వాత రెండు, తర్వాత మూడు. ఈ పిల్ల నెలన్నర నుంచీ మీ అందరికీ చెబుతూనే ఉంది, అది పడిపోతోందని. ఎవరూ పుస్తకం మొత్తం చదవలేదా?"

ఆవిడ చేతిలో జడ సగంలో ఆగిపోయింది. తమ్ముడు పేజీలు తిప్పి ఆ చివరి ఎనభై నాలుగుల మీద వేలు పెట్టాడు.

"మరి ఇక్కణ్ణుంచి ఎందుకు మారలేదు? ఏడో వారం నుంచి ఆగిపోయిందా?"

ఆగిపోయింది మామ్మ కాదు. ఆ సంగతి ఆవిడకి అప్పుడు తెలిసింది. సగం జడతోనే మెట్లు దిగింది. మోకాళ్ళ నొప్పి గుర్తు రాలేదు. బండి మీద కూర్చుని హెడ్మాస్టరుకి మూడుసార్లు ఫోను చేసింది. మూడుసార్లూ కట్ చేశాడు. మైకు పట్టుకున్నప్పుడు ఆయన ఎవరి ఫోనూ ఎత్తడు.

వాళ్ళు వెళ్ళేసరికి ప్రదర్శన మొదలైపోయింది. ముప్పై ఒక్కమంది, ఉతికి ఇస్త్రీ చేసిన బట్టల్లో, మామ్మ ముక్కు కింద నాలుగు వరసల్లో బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. ఎదురుగా కుర్చీల్లో అతిథులు. తమ్ముడు ముందు శిల్పం వంక చూడలేదు, దారం వంక చూశాడు. దారం వదులుగా ఉంది. గుండు నేల మీద పక్కకి ఒరిగి పడుకుని ఉంది.

"ఈ ముడి ఎవరేశారు?" అన్నాడు మెల్లగా.

టీచరు నేరుగా మైకు దగ్గరికి వెళ్ళింది.

"సార్, పిల్లల్ని లేపండి. అది వాలిపోతోంది."

బ్యానర్ సార్ మైకుకి చెయ్యి అడ్డం పెట్టాడు, ముఖం మీద నవ్వు చెదరకుండా. "ఏంటి మేడం, ఇప్పుడా? పెద్దవాళ్ళున్నారు. అది వంగే ఉంటుంది కదా, చేసిందే అలా."

"ఇంకా వంగింది సార్. కొలిస్తే తెలుస్తుంది."

ఆయన క్షణం ఆలోచించాడు. కళ్ళు మెరిశాయి. మైకు మీద చెయ్యి తీసేశాడు. "ఇప్పుడు మన లెక్కల మేడంగారి ఆధ్వర్యంలో, పిల్లలే స్వయంగా శిల్పాన్ని కొలిచి చూపిస్తారు!"

చప్పట్లు పడ్డాయి. క్లాసు లీడరు టేపు ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస మొండిఘటం చేతికిచ్చారు, ప్రదర్శనకి ఎంచిన పుస్తకం దానిదే కదా. ఇద్దరూ మామ్మ కాలి దగ్గర్నుంచి గుండు దాకా టేపు పరిచారు. మిగతా పిల్లలు టేపు వంక చూడలేదు. టీచరు వంక చూశారు.

"ఎంత?" అన్నాడు బ్యానర్ సార్.

"ఎనభై నాలుగు!" అన్నారు ముప్పైమందీ ఒక్క గొంతుతో.

మళ్ళీ చప్పట్లు. అతిథుల్లో ఒకాయన పక్కాయనతో, భలే తర్ఫీదు ఇచ్చారండీ అన్నాడు. ఆ మాట ఆవిడ చెవిన పడింది. అంత భయం ఆవిడకి భర్త పోయిన రోజు కూడా వేయలేదు. గబగబా ఆ ముక్కు కిందికి వెళ్ళి, మొండిఘటం ముందు నిలబడింది.

"నువ్వు చెప్పు. ఎంతుంది?"

ఆ పిల్ల టేపు మీద బొటనవేలు పెట్టుకుని ఉంది. తలెత్తి టీచరు ముఖం చూసింది. తర్వాత ఆవిడ సంచికి గుచ్చి ఉన్న ఎర్ర పెన్ను చూసింది.

"ఎనభై నాలుగు, టీచర్."

"అమ్మా, టేపులో ఎంతుంది?"

"ఎనభై నాలుగు, టీచర్" అంది మళ్ళీ, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే.

పైన ఎక్కడో ఇనుము కిర్రుమంది. మూలుగే, అచ్చం పసుపు కాగితం మీద రాసినట్టే. మూడేళ్ళుగా నేల ముట్టని స్కేలు టీచర్ అతిథులందరి ముందూ రెండు మోకాళ్ళ మీదా కూలబడింది. ప్రాణం పోయేంత నొప్పి. కళ్ళజోడు సర్దుకుని, ఆ పిల్ల బొటనవేలు పక్కకి తీసి, ఆ అంకె తనే చదివింది.

"నూట ఇరవై ఒకటి" అంది. తర్వాత ఆ బడిలో ఎవరూ ఎప్పుడూ వినని గొంతుతో అరిచింది. "నాలుగో తరగతీ, లేవండి! అందరూ గోడ దగ్గరికి!"

ముప్పైమందీ ఒక్క ఉదుటున లేచారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఇన్ని వారాలు ఏ భయంతో టేపు చూడడం మానేశారో, ఆ భయంతోనే పరుగెత్తి గోడకి ఆనుకున్నారు. ఆవిడ మాత్రం లేవలేకపోయింది. తమ్ముడు వచ్చి ఒక రెక్క పట్టుకుంటే, రెండో రెక్క మొండిఘటం పట్టుకుంది. ముగ్గురూ ఎలాగో బయటపడ్డారు.

ఆ తర్వాత ఏమీ జరగలేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు, అయిదు నిమిషాలు. అతిథులు గడియారాలు చూసుకున్నారు. బ్యానర్ సార్ ముఖం కందగడ్డ అయింది.

"ఏమిటీ తమాషా, మేడం? నా పరువు తీయడానికేనా? పిల్లల్ని మళ్ళీ కూర్చోబెట్టండి."

"కూర్చోబెట్టను, సార్."

"నేను చెబుతున్నాను."

ఆవిడ రెండు చేతులూ బార్లా చాపి జంపఖానాలకి అడ్డంగా నిలబడింది. ఇది పడకపోతే ఇరవై ఆరేళ్ళ పేరు గంగలో కలిసిపోతుంది. తన బతుకులో మొదటిసారి, తను చెప్పింది తప్పయితే బాగుండునని కోరుకుంది. పక్కన తమ్ముడు మాత్రం నేల వంక చూస్తున్నాడు. దిమ్మె వెనక భాగం లేస్తోంది, వేలు దూరేంత, తర్వాత చెయ్యి దూరేంత.

"అక్కా, వెనక్కి రా" అన్నాడు.

మామ్మ నెమ్మదిగా పడింది. పెద్దవాళ్ళు కింద ఏదో వెతుక్కోవడానికి వంగినట్టు వంగి, వంగి, చివర్లో ఒక్కసారిగా పడింది. పీపా ముఖం రెండో వరస జంపఖానా మీద పడి, ముక్కు గొట్టం నేలలోకి మూరెడు దిగింది. బ్యానర్ చిరిగి దాని మీద కప్పుకుంది. దుమ్ము లేచి, అతిథుల కుర్చీలు అటొకటి ఇటొకటి పడ్డాయి. గోడ దగ్గర ఒక్క పిల్లా ఏడవలేదు. అందరూ లీడరు వంక చూస్తున్నారు. ఆ అబ్బాయి కూర్చునే చోటు అది.

సోమవారం స్కేలు టీచర్ రెండు మోకాళ్ళకీ పట్టీలు కట్టుకుని బడికి వచ్చింది. సంచిలో జవాబుల పుస్తకం లేదు. క్లాసులోకి వెళ్ళి, మొండిఘటాన్ని ముందుకి పిలిచి, అందరూ చూస్తుండగా ఆ పిల్ల పుస్తకంలో ఇంటూలన్నీ కొట్టేసి టిక్కులు పెట్టింది. నక్షత్రాలు ఉన్నచోట కొట్టేసి, ఇంటూలు పెట్టింది.

"తప్పు నాది" అంది. "మీరు నిజం రాస్తే నేను కొట్టేశాను. ఇంకెప్పుడూ అలా చేయను. ఈ అమ్మాయిని నేను మొండిఘటం అన్నాను. అదీ తప్పే. మీలో ఎవరూ ఇకమీదట అలా అనకండి."

చెప్పేశాక ఆవిడకి కాస్త గుండె బరువు తగ్గింది. టేపు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"నల్లబల్ల ఎంత పొడుగుందో కొలిచి చెప్పు. జవాబు నాకూ తెలీదు. ఏది కనబడితే అది రాయి."

ఆ పిల్ల బెంచీ ఎక్కి, టేపు సున్నా దగ్గర సరిగ్గా ఆనించి, బిగుతుగా లాగి, ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచింది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. వంగి అంకె చూసింది. పుస్తకం తెరిచింది. పెన్సిలు కాగితం మీద ఆనించింది.

ఆగిపోయింది. తలెత్తి, రెప్ప వేయకుండా, ఆవిడ ముఖంలోకి చూసింది. వెనక ముప్పైమందీ కూడా అలాగే చూస్తున్నారు.

"ఎంత రాయమంటారు, టీచర్?"